కడిగినా పోని పసుపు

ఎమెలే ఓడ దిగి ఫిజీకి చెందిన రొటుమా దీవిలోని పుట్టింటికి చేరింది, మగబిడ్డను కంది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే అమ్మమ్మ కిజియానా మనవడి ఒళ్ళంతా కొబ్బరినూనెలో కలిపిన పసుపు తన చేత్తో పూసింది. ఆ చుట్టుపక్కల ఎవరింట కాన్పు అయినా ఆ పసుపు కిజియానా ఇంటి నుంచి రావలసిందే. ఆమెకున్న పేరంతా ఆ పసుపుతో వచ్చిందే. అయితే మనవడికని విడిగా కట్టి ఉంచిన పసుపు చిప్ప ఆ వేళకి వంటపాకలో, పొయ్యి మీది వాసానికి ఎప్పుడూ వేలాడే చోట లేదు. ఆమె వదిన సరోటే, అంటే భర్తకి అక్క, దాన్ని ఎక్కణ్ణించో తెచ్చి చేతిలో పెట్టింది. పదిమందిలో అడగలేక కిజియానా పూసేసింది. అందరూ వెళ్ళాక అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే అది పసుపు వాసనలా లేదు. జలుబు చేసిందేమోనని తనకు తానే సర్దిచెప్పుకుంది. మరి రెండు రోజులకి, నిన్న సాయంత్రం, బిడ్డ పాలు తాగడం తగ్గించాడు. కిందటిసారి మనం ఆగింది అక్కడే.

తెల్లవారి లేచేసరికి కిజియానాకి జలుబు లేదు. వాసన మాత్రం ఉంది.

పొయ్యిలో బూడిద తీసి చేతులు తోముకుంది. నారింజ తొక్క పిండి రుద్దుకుంది. కడిగి, ఆరబెట్టుకుని, మళ్ళీ వాసన చూసుకుంది. నారింజ వాసన వచ్చింది, దాని అడుగున ఆ రెండోది కూడా వచ్చింది. పదునుగా, చల్లగా, ముక్కు లోపలి దాకా పోయే వాసన. ఎక్కడో తెలిసిన వాసనే. ఎక్కడో మాత్రం గుర్తుకు రావడంలేదు. గుర్తుకు రాకపోతేనే మంచిదని కూడా ఎందుకో అనిపించింది.

తన పసుపు సంగతి తనకు తెలియనిది కాదు. దుంపలు తురిమి, నీళ్ళలో వడకట్టి, అడుగున పేరుకున్నది తీసి ఆరబెట్టి, కొబ్బరిచిప్పలో అదిమి, ఎండిన అరిటాకుతో మూసి కట్టడం ఒక ఎత్తు. దాన్ని దాచడం ఇంకో ఎత్తు. ఎంత బాగా చేసిన పసుపైనా దాచడం చేతకాకపోతే మట్టితో సమానం. పక్క ఊళ్ళో ఒకావిడ చూడ్డానికి బాగుంటుందని గాజుసీసాలో పోసి కిటికీలో పెట్టింది. ఆ ఏడు తిరిగేసరికి ఎండకి రంగంతా చచ్చి పాతగోడ సున్నంలా తయారైంది. ఇంకొకావిడ ప్లాస్టిక్ డబ్బాలో బిగించింది. మూత తీస్తే బూజు. అందుకే కిజియానా పసుపు చీకటిగా, పొడిగా, సన్నటి పొగ తగిలే చోట ఉంటుంది. ఆ వాసానికి ఇంకేదీ కట్టదు, ఎండు చేపలు సరేసరి, ఉల్లిపాయ కూడా కట్టనివ్వదు.

చేతులు తుడుచుకుని ముందింట్లోకి వెళ్ళింది. ఎమెలే చాప మీద కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఉంది. పక్కన పొరుగావిడ, మంచి గౌను వేసుకుని, పువ్వు పెట్టుకుని, ఒళ్ళో నారింజల బుట్టతో కూర్చుంది. ఇవాళ విమానం వచ్చే రోజు. వారానికి ఒక్కసారి వచ్చే విమానంలో రాజధాని సువాలోని కొడుక్కి నారింజలు పంపాలని బయలుదేరి, దారిలో బిడ్డను చూసిపోదామని ఆగింది.

"ఏం మెరుస్తున్నాడమ్మా నీ మనవడు" అంది కిజియానాని చూసి. "ఆ రంగు చూడు. నా పెళ్ళిలో నాకు కూడా ఇంత పసుపు పూయలేదు నువ్వు. నా మొగుడు నల్లగా ఉన్నావని ఇప్పటికీ దెప్పుతాడు."

"నీకు పూసింది రెండు చిప్పలు. నువ్వే చెమటకి కార్చేశావు" అంది కిజియానా. నోరు దాని పాటికి అది మాట్లాడుతోంది, కళ్ళు బిడ్డ మీదే ఉన్నాయి.

"తాగాడా?" అని కూతుర్ని అడిగింది.

"పడుకున్నాడమ్మా. బంగారుకొండ, ఏడుపే లేదు. తెల్లవారుజామున కాస్త చప్పరించి వదిలేశాడు. మంచి బుద్ధిమంతుడు."

పుట్టి వారం కాని పిల్లాడికి బుద్ధేమిటి. ఆకలేస్తే ఇల్లు ఎగిరిపోయేలా ఏడవాలి. కిజియానా వంగి బిడ్డ అరికాలి మీద వేలితో గీసింది. కాలు నెమ్మదిగా ముడుచుకుంది, మళ్ళీ చాచుకుంది. ముఖం చూసింది. పసుప్పచ్చగా ఉంది. ఛాతీ, పొట్ట, చేతులు, అన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి. ఉండవూ మరి, పూసింది తనే కదా. ఎంతమంది బిడ్డలకు పూసిందో లెక్కలేదు కానీ, పూసిన రంగు కింద ఏముందో కనిపించడంలేదని ఆమెకు భయం వేయడం ఇదే మొదలు.

పొరుగావిడ బుట్ట ఎత్తుకుని వెళ్ళింది. కిజియానా లోపలి గదిలోకి నడిచింది.

సరోటే అక్కడ చాప అల్లుతోంది. భర్త పోయాక పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. చనిపోయిన తమ్ముడి ఇంట్లో పెద్దరికమంతా ఆవిడదే. భారీ మనిషి, కూర్చున్న చోటి నుంచే ఇల్లు నడుపుతుంది. ఆవిడ వెనక గోడవారన పాత చెక్కపెట్టె ఉంది. అది వాళ్ళమ్మది, అంటే కిజియానాకి అత్తగారిది. అందులో అపేయి చాపలుంటాయి, తెల్లగా, గుడ్డంత మెత్తగా. పెళ్ళికైనా, చావుకైనా, దొర వచ్చినా ఆ తెల్లచాపలు పరవందే ఇంటికి మర్యాద లేదు. పెట్టె తాళంచెవి సరోటే మెడలో ఉంటుంది.

"వదినా, ఆ రోజు పసుపు ఎక్కణ్ణించి తెచ్చారు?"

"ఎక్కణ్ణించి తెస్తాను, కొట్టుకెళ్ళి కొనుక్కొచ్చానా?" సరోటే తల ఎత్తలేదు.

"పొయ్యి మీద లేదు."

"లేదు. కిందటి వానల్లోనే తీసేశాను. ఇన్నాళ్ళకి చూశావా? నీకు కళ్ళజోడు కావాలని నేనెప్పుడో చెప్పాను."

"అక్కడ వేలాడుతున్నది ఏమిటి మరి, ఇన్నాళ్ళూ?"

"ఉత్త చిప్ప. నువ్వు గోల పెడతావని కట్టి ఉంచాను." ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "కాన్పు దగ్గరపడ్డాక అదీ తీసేశాను. అసలు నీకు సిగ్గు లేకపోతే నాకుండాలిగా. పుట్టబోయేది నా తమ్ముడి మనవడు. వాడికి పూసే పసుపు ఆ మసిలో, ఆ పొగలో, బల్లులు తిరిగే చోట వేలాడాలా? వచ్చినవాళ్ళ ముందు నల్లగా మసిపట్టిన చిప్ప తీసి విప్పుతావా? మర్యాదున్న చోట పెట్టాను."

"ఏ చోట?"

సరోటే గడ్డంతో వెనక్కి చూపించింది. పెట్టెవైపు.

కిజియానా పెట్టె దగ్గరికి వెళ్ళి నిలబడింది. "తెరవండి" అంది.

"ఇప్పుడా? చేతుల్లో పని..."

"తెరువు వదినా."

పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ కిజియానా వదినగారిని నువ్వు అన్నది లేదు. సరోటే చేతిలో ఆకు ఆగిపోయింది. మెడలోంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచింది.

మూత ఇంకా పూర్తిగా లేవనేలేదు, వాసన వచ్చి ముఖాన కొట్టింది.

పైన ఉన్న తెల్లచాప మడతల్లో గుండ్రటి గుంట పడి ఉంది, కొబ్బరిచిప్ప కూర్చున్నంత మేర. దాని చుట్టూ సన్నటి పసుపు పొడి. కిజియానా మడత ఎత్తింది. చిన్న తెల్లటి ఉండ ఒకటి దొర్లి పెట్టె అంచుకు తగిలింది. ఇంకో మడతలో ఇంకో రెండు. కరిగి కరిగి బఠాణీలంత అయ్యాయి.

"కలరా ఉండలు" అంది సరోటే. "నాకేం తెలియదనుకోకు, పురుగు పట్టకుండా సువా నుంచి తెప్పించాను. పొట్లాం పొట్లామంతా వేశాను. చాపలకి ఏమైనా అయిందా చూడు, ఒక్క చిల్లు లేదు."

"చాపలకి కాదు వదినా." కిజియానా గొంతు తనకే వినపడనంత చిన్నగా ఉంది. "పసుపు పక్కనున్నదాన్నల్లా పీల్చుకుంటుంది. అందుకేగా నేను ఉల్లిపాయ కూడా కట్టనివ్వను. ఇన్ని నెలలు ఈ ఉండల మధ్యన పెట్టి, దాన్ని నూనెలో కలిపి, వాడి ఒంటికి..."

"వాసనేగా. వాసనకి మనిషికేమవుతుంది? ఈ చాపల మీద మనమంతా పడుకున్నాం."

"మనం పెద్దవాళ్ళం."

ఆ మాట అంటూండగానే ఆ వాసన ఎక్కడిదో కిజియానాకి గుర్తొచ్చింది. అరచేతికి అంటినప్పటి నుంచీ గుర్తుకు రాకూడదని లోపల ఎవరో తలుపు పట్టుకున్నారు, ఇప్పుడు వదిలేశారు. ఇదే గది. ఇదే పెట్టె, అప్పుడు తాళంచెవి అత్తగారి మెడలో ఉండేది. ఎమెలే పుట్టడానికి చాలా ముందు. తెల్లచాప మీద ఒక చిన్న ఒళ్ళు, దాని నిండా పసుపు.

ఆమె సరోటే ముఖం చూసింది. సరోటే పెట్టెలోకి చూస్తోంది. ఇద్దరికీ ఒక్కటే గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలిసింది.

కిజియానా అక్కడ ఇంక నిలబడలేదు. వంటపాకలోకి పోయి గోరువెచ్చని నీళ్ళు తొట్టిలో పోసింది, సబ్బు, తెల్ల తువ్వాలు తీసుకుంది, ముందింట్లోకి వచ్చింది.

"బిడ్డనివ్వు. కడగాలి."

ఎమెలే బిడ్డను ఇంకా దగ్గరికి పొదువుకుంది. "కడగడమేమిటి? బొడ్డు ఊడలేదింకా."

"తెలుసు."

"అమ్మా, బొడ్డు ఊడేదాకా పసుపు మీద నీళ్ళు పడకూడదని ఊరంతటికీ చెప్పేది నువ్వే కదా. కిందటేడు ఆ సముద్రం ఒడ్డు ఇంటి పిల్ల పొరపాటున కడిగిందని వాళ్ళింటికి పోవడమే మానేశావు. బిడ్డ మీది దీవెన కడిగేసినట్టే అన్నావు."

"అన్నాను. ఇప్పుడు కడగమంటున్నాను. ఇవ్వు తల్లీ."

ఆ "తల్లీ" అనడంలో ఏదో విని ఎమెలే చేతులు వదులు చేసింది.

మోచేతి మీద బిడ్డను పడుకోబెట్టుకుని కిజియానా సబ్బు రుద్దింది. నీళ్ళు పసుప్పచ్చగా తొట్టిలోకి కారాయి. ఎన్నో ఏళ్ళుగా తను పూయడమే తప్ప కడిగినది లేదు. ఆ పచ్చటి నీళ్ళు పారబోసి మళ్ళీ పోసింది. ఈసారి కొంచెం లేత రంగు. మళ్ళీ సబ్బు, మెడ మడతల్లో, చంకల్లో, చెవుల వెనక. మళ్ళీ నీళ్ళు. ఈసారి తొట్టి అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి.

బిడ్డ ఇంకా పసుప్పచ్చగానే ఉన్నాడు.

"ఇంకొంచెం రుద్దు" అంది వెనక నిలబడ్డ సరోటే. "నూనె పసుపు అంత తేలిగ్గా పోతుందా."

కిజియానా తెల్ల తువ్వాలు కొస తీసుకుంది. బిడ్డ ఛాతీ మీద గట్టిగా అద్ది, తుడిచి, ఆ కొస అందరికీ కనపడేలా ఎత్తింది. గుడ్డ తెల్లగా ఉంది. దాని మీద రంగు జాడ కూడా లేదు. తువ్వాలు కింద మాత్రం బిడ్డ ఒళ్ళు పండిన నారింజ తొక్కలా ఉంది.

కిజియానా బొటనవేలితో బిడ్డ కనురెప్ప నెమ్మదిగా పైకి తీసింది. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. అక్కడ ఆమె పసుపు పూయలేదు.

"ఉచ్చగుడ్డలేవి?" అంది.

ఎమెలే మూలనున్న బుట్ట తెచ్చింది. నిన్నటి గుడ్డ మీద కాచి కాచి వదిలేసిన టీ రంగు మరక ఉంది. "ఇది చూడలేదా నువ్వు?" అంది కిజియానా.

"చూశాను. పసుపు అంటిందేమో అనుకున్నాను." అంది ఎమెలే. "అమ్మా, ఏమైంది వీడికి? ఏమైందో చెప్పు."

చెప్పేది వినకుండానే సరోటే గుమ్మం దాటింది. కూర్చున్న చోటి నుంచి నీళ్ళచెంబు కూడా తెప్పించుకునే మనిషి, చెప్పులైనా వేసుకోకుండా, గౌను మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని రోడ్డువైపు పరుగెత్తింది. వచ్చే పోయే బండి ఏదైనా ఆపి ఆస్పత్రికి వెళ్ళడానికి. కిజియానా ఒక్క క్షణం ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయింది. ఇంత జరిగినా ఆవిడ మీద కోపం రావడంలేదు. కోపం వస్తే కాస్త బాగుండుననిపించింది.

నర్సు అకాటాని ఆస్పత్రి జీపులోనే తీసుకొచ్చింది సరోటే. అకాటా నలభై దాటని మనిషి, తొణకదు. వస్తూనే బిడ్డను చూసింది, కన్ను చూసింది, గుడ్డ చూసింది, ఛాతీ మీద చెవిగొట్టం పెట్టి వింది. వింటున్నప్పుడు ఆమె నుదురు ముడుచుకోవడం కిజియానా చూసింది.

"ఈ వాసనేమిటి?" అంది నర్సు.

కిజియానా నోరు తెరిచే లోపలే సరోటే ముందుకొచ్చి గుప్పిట విప్పింది. చెమటకి తడిసిన అరచేతిలో ఆ తెల్లటి ఉండ ఉంది. అంత దూరమూ దాన్ని చేతిలో పట్టుకునే వెళ్ళినట్టుంది. "పసుపు వీటిలో పెట్టింది నేను" అంది. "మా మరదలికేం తెలియదు. పెట్టింది నేను."

అకాటా ఆ ఉండను తీసి రుమాల్లో చుట్టింది. తిట్టలేదు. "ముందే కడిగి మంచి పని చేశారు పెద్దమ్మా. ఇంక ఆ చాపలూ ఆ గుడ్డలూ ఏవీ వీడి దగ్గరికి రానివ్వకండి. వీణ్ని ఈ విమానంలోనే సువా పంపించాలి. ఇంకాసేపట్లో దిగుతుంది. పైలట్‌ని ఆపమని మనిషిని పంపాను." ఆమె ఎమెలే ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇప్పుడొక మాట అడుగుతాను, బాగా ఆలోచించి చెప్పు. కొన్ని కుటుంబాల్లో మగపిల్లల రక్తానికి ఈ ఉండల ఘాటు పడదు. లోపల రక్తం విరిగిపోతుంది. అది తల్లి వైపు నుంచి వస్తుంది. మీ వైపు మగపిల్లాడెవరైనా పుట్టగానే ఇలా పచ్చబడి చనిపోయాడా?"

"లేదక్కా" అంది ఎమెలే వెంటనే. "మా అమ్మకి మగపిల్లలే లేరు. నేనొక్కదాన్నే."

"మరోసారి ఆలోచించు. నేను జీపులోంచి రేడియోలో డాక్టరుకి చెప్పాలి. అలాంటిది ఉందని చెబితే విమానం దిగేసరికి వాళ్ళు రక్తం సిద్ధంగా పెట్టుకుంటారు. లేదంటే మామూలు కామెర్లనుకుని ఒక పూట చూద్దామంటారు. వీడికి ఒక పూట లేదు."

"లేదని చెప్పానుగా."

సరోటే కిజియానా వైపు చూసింది. చెప్పమని చూపుతోనే బతిమాలింది.

ఈ ఇంట్లో పసుపు చేసే రోజుల్లో ఎవరూ తగువు పడకూడదు. ఆ ఏడు, కొత్త కోడలిగా, కిజియానా వదినతో తగువు పడింది, ఏదో పిసరంత విషయానికి. ఆ పసుపే తన తొలిబిడ్డకు పూశారు. బిడ్డ పోయాడు. నీ నోరే వాణ్ని తినేసిందని అత్తగారు అన్నారు, అందరూ అదే నమ్మారు, అందరికన్నా ఎక్కువగా కిజియానా నమ్మింది. ఆ నోటి పాపం చేత్తో కడుక్కోవాలనే జీవితమంతా ఊరి బిడ్డలకు పసుపు పూస్తూ వచ్చింది. ఎమెలేకి మాత్రం చెప్పలేదు. కూతురికి ఆ సంగతి తెలియనివ్వకూడదని భర్త చేత కూడా ఒట్టు వేయించుకుంది.

"ఎమెలే" అంది. "చర్చి వెనక, మీ నాన్న సమాధి పక్కన చిన్నది ఒకటుంది కదా. ప్రతి క్రిస్మస్‌కీ దానికి సున్నం వేసి, తెల్ల ఇసుక పోస్తావు."

"పొరుగువాళ్ళ పాపది."

"పొరుగువాళ్ళది కాదు. మనదే. పాప కాదు, బాబు. నీకు అన్న."

అకాటా అప్పటికే లేచి జీపువైపు పరుగెడుతోంది. రేడియో గరగరలు, వాటి మధ్య ఆమె గొంతు, "తల్లికి అన్న, అవును, ఇలాగే" అని చెప్పడం లోపలికి వినిపించింది.

ఎమెలే కదలలేదు. తల్లిని చూస్తోంది. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూస్తోంది.

"వాడికి కూడా పసుపు పూసింది నువ్వేనా?"

పెట్టె సంగతి, చాప సంగతి, అత్తగారి మెడలో తాళంచెవి సంగతి చెప్పడానికి నోటిదాకా వచ్చింది. చెబితే నిజమే. సరోటే కూడా అదే చెప్పబోతూ, "అమ్మాయ్, అప్పుడు కూడా మా పెట్టె..." అంది. కిజియానా చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపింది.

"నేనే" అంది.

ఎమెలే వంగి తల్లి ఒళ్ళోంచి బిడ్డను తీసుకుంది. తెల్ల తువ్వాలు జారి తొట్టి పక్కన పడింది. కొండ అవతలి నుంచి విమానం చప్పుడు మొదలైంది.

అకాటా గుమ్మంలోకి వచ్చింది. "విమానం వాళ్ళు ఒప్పుకున్నారు. తల్లీ బిడ్డా కాక తోడు ఇంకొక్కరికే చోటుంది. ఎవరొస్తున్నారు?"

కిజియానా లేచి నిలబడింది. తడిచేతులు గౌనుకి తుడుచుకుంది. చేతులకి ఇంకా ఆ వాసన ఉంది.

ఎమెలే బిడ్డను గుండెకు హత్తుకుని, ముందు తల్లి చేతులను చూసింది, తరవాత మేనత్త ముఖం చూసింది. ఎవరి పేరూ చెప్పకుండా జీపెక్కింది.